ఆచారము పుట్టిన తీరు

దురాచారమునకు కర్త యెవడని విచారించునపుడు, దానిని బిగ్గరగా కోరినవానిని వేలెత్తి చూపి మనము తృప్తి పొందుచుందుము. అడిగినదే తడవుగా ఒప్పుకొన్నవారి మాట యేమి? ఈ ప్రశ్నకు మేము అమెరికా దేశపు బేస్‌బాల్ చరిత్రనుండి యొక నిదర్శనమును గ్రహించుచున్నాము.

ఆ యాటలో మొదటి బేసునొద్ద నిలుచువాడు ముఖ్యుడు. బంతిని కొట్టినవాడు పరుగెత్తి అచ్చోటు చేరకముందే, తక్కినవారు విసరిన బంతిని అతడు పట్టవలెను. 1852లో అయోవా రాష్ట్రమున జన్మించిన ఏడ్రియన్ యాన్సన్ ఆ స్థానమున ప్రసిద్ధికెక్కెను. 1871 మొదలు 1897 వరకు ఏటేట తప్పక 27 ఏండ్లు ఆడెను. అతని నాయకత్వమున చికాగో జట్టు అయిదుమారులు నేషనల్ లీగు విజేతయయ్యెను. అతని నేర్పును గూర్చి వివాదము లేదు.

ఇంతవాడు నల్లవారితో మైదానమున నిలుచుటకు సమ్మతింపడయ్యెను. 1883 ఆగష్టు 10వ తేదీన చికాగోవారు టొలీడో నగరమున ఆడవచ్చిరి. అచటి జట్టులో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అను నల్లజాతి యువకుడుండెను. ఓబర్లిన్ కళాశాలలో చదివినవాడు. చేయి నొచ్చియున్నందున ఆనాడతనికి విశ్రాంతి నియ్యవలెనని నిర్వాహకుడు చార్లీ మోర్టన్ తలచియుండెను. వాకర్ దిగినచో తాము ఆడమని యాన్సన్ పలుకగనే, మోర్టన్ పట్టుబట్టి వాకరునే దింపెను. ఆడనిచో టికెట్ల రాబడిలో భాగము దక్కదనెను. యాన్సన్ ఆడెను. దైవశాసనమువలె చాటిన నియమము రాబడిముందు వంగినది! ఎదిరించువా డొక్కడున్నచో అట్టి నియమమెంత బలహీనమో ఆనాడు తేలినది.

1887 జులై 14న నెవార్కు నగరమున మోర్టన్ వంటివాడు లేకపోయెను. చికాగోవారిపై బంతి విసరవలసిన నల్లజాతి క్రీడాకారుడు జార్జి స్టోవీ దిగలేదు. అస్వస్థుడనిరి, యాన్సన్ నిరాకరణమే కారణమని చరిత్రకారు లనేకులు తలచుచున్నారు. ఆ దినముననే బఫలోలో కూడిన ఇంటర్నేషనల్ లీగు పెద్దలు, నల్లవారితో ఇకపై క్రొత్త యొడంబడికలు చేసికొనరాదని తీర్మానించిరి. ఆ పెద్దలలో యాన్సన్ లేడు. తెల్ల ఆటగాండ్రు విడిచిపోవుదురను జంకు వారిచే ఆ పని చేయించినది. ఆ జంకే ముదిరి ఆచారమయ్యెను. ప్రధాన లీగులలో వ్రాతపూర్వకమైన నిషేధ మెన్నడును లేదు. అనాదిగా ఇట్లే యున్నదను మాటయే చాలెను. ఈ మాట మన పాఠకుల చెవులకు క్రొత్తది కాదు. అది యబద్ధము కూడ: 1884లో వాకరే ప్రధాన లీగున ఆడియుండెను.

1939లో యాన్సన్ పేరు కీర్తిమందిరమున చేర్చిరి; అది తగదనువారు కలరు. అతని నొక్కని దూషించి చేతులు దులుపుకొనుట మాకు సమ్మతముగాదు. అతని దోషము గొప్పదే, కాని అరువదియేండ్ల నిషేధము నొక్కడు మోయజాలడు. మాటాడక తలయూపినవారందరును దానిని మోసిరి.

1947లో బ్రూక్లిన్ జట్టున జాకీ రాబిన్సన్‌ను చేర్చుకొనునపుడు, సహక్రీడాకారులు కొందరు వలదని విన్నపము కూర్పజూచిరి. అధ్యక్షుడు బ్రాంచి రికీ లొంగలేదు. ఏప్రిల్ 15న రాబిన్సన్ మైదానమున దిగెను. ఆనాడతడు నిలిచినది మొదటి బేసునొద్దనే.