ఆఱవ వధాస్థానము

పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట చుట్టును విస్తరించిన కొల్లేరు సరస్సు, బుడమేరు తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చిన జలమును తనయందు నిలుపుకొని, ఉప్పుటేరు మార్గమున సముద్రమునకుఁ బంపుచున్నది. ఈ సీమలోని చేప దూరదేశములకుఁ బోవలెనన్న ఐసు కావలయును. ఐసు ఫ్యాక్టరీలో అమోనియాను చల్లార్చు నీరు వెచ్చనై, కూలింగు టవరులో గాలికిని వెలుతురునకును లోనై తిరుగుచుండుటచే నందు నాచును సూక్ష్మజీవులును ప్రబలి, గొట్టములకు జిగటపొర పట్టును. ఆ నీటి తుంపరలలో లెజియోనెల్లా అను ప్రాణాంతక బాక్టీరియాయుఁ బెరుగవచ్చును. కావున నీటిలో జీవనాశక రసాయనము కలుపక తప్పదు. అహింసను పరమధర్మమని నమ్మినవాఁడు ఈ పనిని ఏ మనస్సుతోఁ జేయవలెను?

సూక్ష్మజీవులను చంపుట హింసయే కాదని త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. ఆ తేలికభావమే గరిటెఁడు చాలుచోట బిందెఁడు పోయించుచున్నది. మనుస్మృతి గృహస్థుని యింట పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అను నైదింటిని వధాస్థానములని పేర్కొన్నది. అయినను వంట మానుమనలేదు, అనుదినమును పంచమహాయజ్ఞములు చేసి యా దోషమును తీర్చుకొమ్మన్నది. అందు సకల ప్రాణులకును అన్నభాగ మిడు భూతయజ్ఞ మొకటి. కూలింగు టవరు ఆఱవ వధాస్థానమైనచో, దాని ఋణము మంత్రముతోఁ దీరదు. ఆ రసాయనము నెత్తిపోయు పనివాని ఊపిరికిని, మురుగుకాలువలోని చేపపిల్లకును తీర్చవలసి యున్నది.

డబ్బా నెత్తి, ఆ జీవనాశక రసాయనమగు హైపోక్లోరైటును తొట్టిలోఁ గుమ్మరించు పనివాని ముఖమునకు ఎదురుగాలి యొకటి చాలు, కన్నులు మండుటకు. ఆ ద్రావణము పొరపాటున ఆమ్లముతోఁ గలిసెనా, వెంటనే క్లోరిన్ వాయువు పుట్టి, గాలికన్న బరువగుటచే నేలనంటి వ్యాపించును. రెండింటిని వేర్వేఱు గదులలో నుంచి, మూసిన గొట్టములగుండ కొలతపంపుతో నెక్కించి, నీటి ప్రవాహ మాగిన క్షణమే ఆ పంపును తనంతట నాగునట్లు అమర్చుట బహువ్యయసాధ్యమేమియుఁ గాదు. టవరునుండి బయటకు విడుచు నీటిలో మిగిలిన క్లోరిను లీటరునకు మిల్లీగ్రాములో పదవవంతైనను పెక్కు మీనములకుఁ జేటు. సోడియం బైసల్ఫైటుతో దానిని ముందే విఱుగఁజేయవచ్చును.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది; ఆ గౌరవములు కాలువ మొదటనున్న కవాటమును త్రిప్పవు. ఫ్యాక్టరీ యజమానులారా, జాతరనాఁడు అమ్మవారికి సమర్పించు కానుకకుఁ బూర్వమే, మీ పనివానికి చేతితొడుగులును కంటిరక్షయును, ఆ తొట్టికొక కొలతపంపును సమకూర్పుఁడు.