వేగులవానిని పంపకముందు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 10:1-6, మత్తయి 18:15



పటాన్‌చెరువు కర్మాగారముల చెంతనున్న మన భానూరు వంటి గ్రామములో ఒక కుటుంబమున్నదని తలంచుకొందము. భర్త రాత్రి షిఫ్టుకు పోవును, భార్య పగటి షిఫ్టు ముగించుకొని వచ్చును. ఒక కప్పు క్రిందనే నివసించియు వారు వారములో ఒక్క పూటయైన కలిసి భుజింపరు. ఒకనాడు ఆమె ఆలస్యముగా వచ్చెను. మరియొకనాడు ఫోనులో మాటలాడుచు, అతని చూచి ఆపివేసెను. అతని హృదయములో అనుమానము మొలచెను. తోటి పనివాడొకడు, "హైదరాబాదులో డిటెక్టివులు ఉన్నారన్నా, డబ్బిస్తే పది రోజుల్లో అంతా తెలిసిపోతుంది" అని చెప్పెను. ఇప్పుడతడు బిడ్డ చదువుకై దాచిన సొమ్మును లెక్కపెట్టుచున్నాడు. ఇతనికి మనమేమి చెప్పుదుము?

మొదట చట్టము సంగతి. ప్రైవేటు డిటెక్టివుల పనిని క్రమపరచుటకు 2007లో రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టబడెను గాని అది చట్టము కాలేదు. ఇతరుల ఫోను పిలుపుల పట్టీని తెచ్చి మనకమ్ముటకు డిటెక్టివుకు అధికారము లేదు. దానిని కొనువాడును ఆ తప్పులో పాలివాడగును. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తీర్పిచ్చిరి. భార్యాభర్తల వ్యాజ్యములో ఒకరు రహస్యముగా రికార్డు చేసిన మాటలను సాక్ష్యముగా స్వీకరింపవచ్చునని అదే కోర్టు 2025 జూలై 14న చెప్పెను. అయితే ఆలుమగలు ఒకరిపై ఒకరు నిఘా వేయుటయే ఆ కాపురము చెడినదనుటకు గురుతని కూడ చెప్పెను. ఏది సాక్ష్యమగునో న్యాయస్థానము చెప్పగలదు. ఇల్లు నిలుచునో లేదో అది చెప్పజాలదు.

ఇప్పుడు వాక్యమును చూతము. అమ్మోనీయుల రాజు మరణింపగా, అతని కుమారుడైన హానూనును ఓదార్చుటకు దావీదు తన సేవకులను పంపెను. వీరు పట్టణమును వేగుచూడ వచ్చినవారని హానూను అధిపతులు అతని చెవిలో వేసిరి. అతడు వచ్చినవారిని ఒక్క మాటయు అడుగలేదు. వారి గడ్డములు సగము గొరిగించి, వస్త్రములు కత్తిరించి, అవమానపరచి పంపెను. పిమ్మట భయపడి, సిరియనుల సైన్యమును జీతమునకు పిలిపించుకొనవలసి వచ్చెను. ఓదార్పుగా వచ్చినది యుద్ధమాయెను. అనుమానపు కన్నులకు మేలు సహితము కీడుగానే కనబడును.

అయితే విచారించుటయే పాపమా? కాదు. మన సంఘములలో వివాహ ప్రకటనను మూడు ఆదివారములు ఎందుకు చదువుచున్నాము? అభ్యంతరమున్నవారు బహిరంగముగా చెప్పవలెననియే కదా! దెబ్బలు తినుచున్న స్త్రీయు, మోసపోయిన తండ్రియు ఋజువులు కూర్చుకొని వకీలునొద్దకో పోలీసులయొద్దకో పోవుట న్యాయమే. అట్టివారిని ఓర్చుకొనుమని నోరు మూయించుట పాపము. బలహీనుని కాపాడుటకు చేయు విచారణ వేరు, అడుగుటకు ధైర్యములేక దొంగచాటుగా వెంబడింపజేయుట వేరు.

కావున సొమ్ము చెల్లింపకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడి. నేను ముఖాముఖిగా అడిగితినా? తప్పు రుజువైనయెడల ఏమి చేయుదును, క్షమింతునా, విడిచెదనా, నలుగురిలో అవమానపరతునా? మూడవది అన్నిటికంటె కఠినమైనది. ఆమె నిర్దోషియని తేలినయెడల, నేను నీ వెనుక మనిషిని పెట్టితినని ఆమెతో చెప్పగలనా? చెప్పినయెడల ఆమె గుండె పగులును. చెప్పనియెడల, ఇంటిలో రహస్యమున్నదని వెదకబోయిన నేనే రహస్యమును దాచుకొనువాడనగుదును.

సహోదరుడు తప్పు చేసినయెడల మొదట ఒంటరిగా అతనితోనే మాటలాడుమని ప్రభువు బోధించెను. సమస్తమునెరిగిన దేవుడు సహితము ఏదెను తోటలో ఆదామును మొదట ప్రశ్నించెను. అతడు బదులు చెప్పుటకు తావిచ్చెను.

ఓ సహోదరుడా, ఆ సొమ్మును మరల పెట్టెలో ఉంచుము. ఒక సెలవు దినమున ఆమెతో కూర్చుండి భుజింపుము. ఆపైన అడుగుము, అడిగి, ఆమె చెప్పునది తుదవరకు వినుము. ఒంటరిగా అడుగుటకు భయమైనయెడల సంఘ పెద్దను తోడు తీసికొనుము. అడుగుటకు ధైర్యమును, వినుటకు ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.