తన యింటి దీపమును తానే బాగుచేసికొనుట

గృహస్థుడు తన యింటిలో చెడిన వస్తువును తన చేతితోనే బాగుచేసికొనవచ్చునా, లేక యట్టి పనికి వేఱొకరిని పిలుచుటయే ధర్మమా యను ప్రశ్న మొదట వినినప్పుడు మిక్కిలి చిన్నదిగా తోచును. తలుపు గడియ యూడినప్పుడును, కుళాయి కారినప్పుడును ఎవరును ధర్మశాస్త్రమును విప్పి చూడరు. చేతనైనవాడు చేసికొనును, చేతకానివాడు పిలిపించుకొనును. కాని యింటిలోనికి విద్యుత్తు వచ్చిన పిమ్మట నీ ప్రశ్న స్వరూపము మాఱినది. ఊడిన గడియ యెవరిని చంపదు. చెడిన తీగ చంపును. అదియు, దానిని చెఱచినవానినే చంపవలెనను నియమమేమియు లేదు. కావున ధైర్యముగా పనిచేయుడని యుపదేశించుటకు ముందు, ఎవరి ప్రాణము నొడ్డి యా ధైర్యమును జూపుచున్నామో విచారింపవలసి యున్నది.

బందరు పట్టణమున నీ విచారమునకు పాతవేళ్లు గలవు. 1910వ సంవత్సరమున కోపల్లె హనుమంతరావుగారును, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును కలిసి యచ్చట ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, పుస్తకముల చదువుతోపాటు చేతిపనులను గూడ విద్యార్థులకు నేర్పవలెనని సంకల్పించిరి. ఆ కాలమున కది సాహసమే. ఇంగ్లీషు చదివినవానికి గుమాస్తా కుర్చీయే మోక్షమని తలచుచుండిన దినములవి. కలము పట్టిన చేయి యులిని ముట్టరాదనియు, ఉలి పట్టిన చేయి కలమును కోరరాదనియు కులమొకవైపునను కొత్త చదువొకవైపునను శాసించుచుండెను. చేతిపని మూలముననే చదువు సాగవలెనని గాంధీమహాత్ముడు వార్ధా ప్రణాళికలో దేశమునకు చెప్పినది 1937లో. ఆ త్రోవలో బందరు అంతకు చాల ముందే యడుగు పెట్టినది.

ఆ కళాశాలను గూర్చి నేడు సభలలో గర్వముగా నుపన్యసించువారి యింటిలో ఒక ఫ్యూజు పోయినచో నేమి జరుగుచున్నదో చూడుడు. ఓము సూత్రమును పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనిన పట్టభద్రుడు వార్తాపత్రికతో విసురుకొనుచు చీకటిలో కూర్చుండి, వీధి చివరనున్న పనివాని కొఱకు కబురుపైన కబురు పంపుచుండును. ఆ పనివాడు వచ్చిన తరువాతనైన గౌరవించునా యనిన, అదియు లేదు. అతనిని గుమ్మము కడ నిలువబెట్టి, "ఈ చిన్నపనికి ఇంతయా?" యని బేరమాడును. పని చిన్నదైనచో తానేల చేసికొనలేదు? పెద్దదైనచో బేరమేల? పనిని నేర్చుకొనకపోవుటకును, పనివానిని తక్కువగా చూచుటకును మూలమొక్కటేయని మాకు తోచుచున్నది. చేతితో చేయునది బుద్ధితో సంబంధము లేనిదని మనలో నొక నమ్మిక గూడుకట్టుకొని యున్నది.

ఈ నమ్మికవలన నెక్కువ నష్టము పొందినవారు స్త్రీలు. భండారు అచ్చమాంబగారు మొదలైనవారు 1902లో బందరున బృందావన స్త్రీల సమాజమును స్థాపించి స్త్రీల చదువు కొఱకు పాటుపడిరి. అప్పటినుండి నూఱేండ్లు దాటినవి. ఇల్లాలు చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, గీజరు, ఇస్త్రీపెట్టె వీనినడుమ దినమునం దధికభాగము గడపునది యామెయే. ఐనను మెయిను స్విచ్చి యెచ్చట నున్నదో, దాని నేవైపునకు దింపవలెనో యామెకు చూపినవారెందఱు? తడిచేతితో ముట్టిన బిడ్డ తీగకు కఱచుకొనిపోయినప్పుడు, ఆ బిడ్డను పట్టి లాగిన తల్లియు చిక్కుకొనును. ముందుగా మెయినును దింపవలెను; అది యందనిచో పొడి కఱ్ఱతో తీగను తొలగింపవలెను. ఈ రెండు మాటలు తెలిసియుండుట కులవృత్తి కాదు, శాస్త్రపాండిత్యమును కాదు. ఇంటిలోనివారందఱికిని ఉండవలసిన తెలివి. దీనిని మగవాని సొత్తుగా నుంచుట యెట్టి న్యాయమో మాకు బోధపడదు.

ఇక నెంతవఱకు మన చేయి పోవచ్చును? దీనికి చట్టమొక గీత గీచినది. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 45వ నియమము ప్రకారము, దీపములు, పంకాలు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంటి యుపకరణములు వీనిని, ఆ యేర్పాటుయొక్క సామర్థ్యమును గాని స్వభావమును గాని మార్చకుండ, పాతదాని చోట కొత్తదానిని పెట్టుకొనవచ్చును. తక్కిన పనినంతటిని అనుమతిపత్రము గల కాంట్రాక్టరే చేయవలెను. ఆ తరువాత 2010లో వచ్చిన నిబంధనలలోను ఈ వాక్యము నిలిచినది. చట్టములను మేము సాధారణముగా పొగడువారము కాము. కాని యిందొక వివేకమున్నదని యొప్పుకొనవలెను. వెలుగని దీపమును తీసి కొత్తది పెట్టుట, విఱిగిన స్విచ్చిని మార్చుట, నెమ్మదిగా తిరుగుచున్న పంకాకు రెండున్నర మైక్రోఫారడ్ల కెపాసిటరును తగిలించుట, ఇవి మనవి. దీపములకని వేసిన సన్నని తీగకు చల్లగాలి యంత్రమును తగిలించుట మనది కాదు. మొదటిది మరమ్మతు; రెండవది మార్పు.

కృష్ణా డెల్టా రైతునకు ఈ భేదము నెవరును చెప్పనక్కఱలేదు. 1855లో ఆనకట్ట పూర్తియైనది మొదలు అతడు దానిని పాటించుచునే యున్నాడు. తన చేనిలోని బోదెను తానే పారతో పూడిక తీసికొనును. ఎవరి యనుమతిని అడుగడు. అడిగినచో ఊరు నవ్వును. కాని కాలువమీది లాకుల తలుపును ముట్టడు. అది లస్కరు చేతిలోనిది. తలుపెత్తుట గొప్ప విద్యయని కాదు, చక్రము త్రిప్పగలిగిన బలము రైతునకును గలదు. ఎత్తినదాని ఫలము దిగువనున్న అవనిగడ్డవారి చేలకును, నాగాయలంకవారి చేలకును తగులును గనుక ముట్టడు. రాత్రివేళ దొంగచాటుగా నెత్తినవారు లేకపోలేదు. వారిని స్వావలంబులని యెవరును సన్మానింపలేదు. ఇంటి తీగల విషయమునను ప్రశ్న యిదియే. "నాకు చేతనగునా?" యనుట సగము ప్రశ్న. "నా చేతి ఫలము ఎచ్చటివఱకు పోవును?" అనునది తక్కిన సగము.

ధైర్యమును గూర్చి యొకమాట చెప్పవలెను. చేతిపని నేర్పెదమనువారు తఱచుగా "భయపడకుడు, మీరును చేయగలరు" అని ప్రారంభింతురు. చెప్పులు కుట్టుటకైన నీమాట సరిపోవునేమో. విద్యుత్తునెదుట భయము శత్రువు కాదు. సరియైన చోటికి త్రిప్పుకొనవలసిన సాధనము. మీటను దించితిని గదా, ఇంకేమి యని నిచ్చెన యెక్కువాడు ధైర్యవంతుడు కాడు. ఎవరో యెన్నడో ఆ మీటను లైను తీగకు బదులు న్యూట్రలు తీగకు తగిలించి యుండవచ్చును. అప్పుడు దీపమాఱును గాని హోల్డరులో 230 వోల్టులు మేలుకొనియే యుండును. కావున మీటను గాక మెయినునే దింపవలెను. దింపిన పిమ్మట టెస్టరుతో చూడవలెను. టెస్టరును మాత్రమేల నమ్మవలెను? దానిలోని చిన్నదీపము కాలిపోయినచో, చచ్చిన తీగయు బ్రదికిన తీగయు దానికొక్కటియే. అందుచేత నేర్పరియైన పనివాడు మొదట కరెంటున్నదని తెలిసిన చోట టెస్టరును పరీక్షించి, తరువాత తాను ముట్టబోవు తీగను చూచి, మరల తెలిసిన చోటికి వచ్చి టెస్టరింకను పనిచేయుచున్నదని రూఢి చేసికొనును. అంతటితోను ఆగడు. మెయిను దిగియుండుటను చూచి యింటివారెవరైన నెత్తుదురేమోయని, పింగాణీ ఫ్యూజును ఊడదీసి తన జేబులో వేసికొని నిచ్చెన యెక్కును. బయటనుండి చూచువానికి ఇది పిఱికితనము. కాని ముప్పదియేండ్లు పనిచేసి చేతివ్రేళ్లు పదియును చెక్కుచెదరకుండ నున్నవానిని అడిగి చూడుడు.

దీనికి విరుద్ధమైన ధైర్యము మన యూళ్లలో కొల్లగా నున్నది. ప్లగ్గు లేని తీగకొసలను సాకెట్టు రంధ్రములలోనికి దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట; మూడుకాళ్ల ప్లగ్గునకు ఎర్తు కాలిని కోసివేయుట; మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని దానిచోట లావుపాటి రాగితీగను చుట్టుట. ఈ కడపటిదానిని చేసినవాడు మరమ్మతు చేసితినని మురియును. నిజమున కతడు కావలివానిని గొంతు నులిమి, ఇల్లు ప్రశాంతముగా నున్నదనుచున్నాడు. ఎర్తు లీకేజీని కనిపెట్టు మీటను గూడ నిట్లే, పడిపోవుచున్నదని విసిగి తీసివేయించుకొనువారు కలరు. ఇండ్లలో పెట్టెడి ఆ మీట 30 మిల్లీఆంపియర్లు దారితప్పి పోయినచో పడిపోవునట్లు చేయబడినది. తొమ్మిది వాట్ల చిన్న యెల్‌ఈడీ దీపము వెలుగుటకు సుమారు 40 మిల్లీఆంపియర్లు కావలెను. అనగా ఆ చిన్న దీపమును నిండుగ వెలిగింపజాలని కరెంటే మనుష్యుని గుండెకు అపాయకరము. సముద్రపు గాలిలోని యుప్పు బందరులోను దివిసీమలోను తీగకొసలను పచ్చగా చిలుము పట్టించును, మరలను తుప్పు పట్టించును. వదులైన యతుకు వేడెక్కును. ఇట్టి చోట ఆ మీట మాటిమాటికి పడుచున్నచో, అది మనతో నేదో చెప్పుచున్నదని గ్రహింపవలెను.

అన్నిటికంటె మమ్ము కలవరపెట్టునది వేఱొకటి కలదు. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెనను ఈ ప్రాంతమువారు మఱువలేరు; వేలకొలది జనము పోయిరి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్లకు సమీపమున తీరము దాటినది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజికి మున్నెన్నడు నెఱుగని వరద వచ్చి దివిసీమ లంకలను ముంచినది. ఇట్టి దినములలో స్తంభములు కూలును, కరెంటు పోవును, ఇంటింట జనరేటరు లేచును. రొయ్యల చెరువులవారి కది మఱియు నవసరము. తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గువేళ ఏరేటర్లు ఆగినచో పంటయంతయు తేలిపోవును. వారి తొందరను మేము తప్పుపట్టజాలము. కాని వీధి సంబంధమును తెంచు చేంజోవరు స్విచ్చి లేకుండ, జనరేటరు తీగను తిన్నగా ఇంటి బోర్డులోనికి దూర్చినచో, ఆ విద్యుత్తు ఇంటిలోనే యుండునని యెవరు చెప్పిరి? మీటరును దాటి వీధి తీగలోనికి వెనుకకు నడచును. అచ్చటినుండి ట్రాన్స్‌ఫార్మరును చేరినచో, పదునొకండువేలను తగ్గించి మనకిచ్చు యంత్రమే యిప్పుడు మన 230ని పెంచి పదునొకండువేల వోల్టులుగా మార్చి పై తీగకు పంపగలదు. ఆ తీగ చచ్చియున్నదని నమ్మి, వానలో తడియుచు, స్తంభముమీద లైన్‌మాన్ చేయి చాచి యుండును. మన యింటిని వెలిగింపవలెననియే అతడు అంతయెత్తు నెక్కినాడు.

ఇచ్చట చేతనగుట, చేతకాకపోవుట యను ప్రశ్న లేదు. జనరేటరును తగిలించినవాడు పనిలో నేర్పరియే కావచ్చును. అతని యింటిలో దీపములు చక్కగా వెలుగుచునే యున్నవి. తాను చూడని మనుష్యుని చేయి తన పనికొసను ఉన్నదని తలపునకు రాకపోవుటయే అతని లోపము. సంఘసంస్కరణమును గూర్చి మన పెద్దలు పడిన పాట్లన్నియు నీ చూడని మనుష్యుని చూపించుటకే గదా. గడప లోపలి విషయము నాది, ఇతరులకేమి యని యనుకొనినవానికి, గడప లోపలినుండియే బయటివాని బ్రదుకు చెడుచున్నదని చెప్పుట వారికి మిక్కిలి కష్టమైనది. తీగల విషయమున నీ మాటను నిరూపించుట కొంత సులభము.

మన మందఱము చిన్నపనులను మనమే చేసికొన్నచో పనివాని నోటికూడు పోవునని కొందఱు శంకింతురు. ఈ శంకను తోసివేయరాదు; గుడివాడవంటి యూరిలో దినమునకు నాలుగిండ్లు తిరిగి బ్రదుకువారున్నారు. ఐనను అనుభవము వేఱుగా నున్నది. ఒక స్విచ్చిని తాను మార్చి చూచినవాడు, గోడలోని తీగలను మార్చించునప్పుడు కూలికి బేరమాడుట తగ్గించును. ఏ తీగ మంచిదో, ఏ యతుకు గట్టిదో తెలిసినందున, చవుకగా చేసెదననువానిని గాక చక్కగా చేయువానిని పిలుచును. వచ్చినవానికి కుర్చీ వేయును. అన్నిటికిని పనివానినే పిలుచువాడు ఎక్కువ మాఱులు పిలుచునే గాని మంచి పనికి మంచి కూలి యిచ్చుట మే మంతగా చూడలేదు. ఇది పరిశీలనమే గాని సిద్ధాంతము కాదు. చదువరుల యనుభవము భిన్నముగా నున్నచో వినుటకు సిద్ధముగా నున్నాము.

ఇంకొక చూడని మనుష్యుడును గలడు. మన తరువాత ఆ యింటిలో కాపురముండువాడు. అద్దె యిండ్లలోని బోర్డులను విప్పినచో, పూర్వము వసించినవారి తెలివితేటలు పొరలు పొరలుగా కానవచ్చును: టేపు చుట్టని యతుకులు, రంగు కలియని తీగలు, దేనికో తెలియని మీటలు. చేసినవారు ఆ దినమునకు తమ దీపము వెలిగించుకొని పోయిరి. మేము కోరున దొక కాగితము. ఏ మీట యే గదిదో, ఏ తీగ నే తేదీన మార్చితిమో, ఎచ్చట అతుకు దాగియున్నదో తెలుగున వ్రాసి మెయిను పెట్టె మూత లోపలివైపున అంటింపవలెను. దానికి పావుగంట చాలును. వరద తీసిన పిమ్మట, గోడలు నానియున్న యింటికి మొదట తిరిగివచ్చినవారు, ఆడవారైనను మగవారైనను, చేతిదీపము పట్టుకొని దానిని చదువుకొందురు.