అనుకోని పిల్లలకు నీడ



రకరకాల చేపలున్న ఇంటి అక్వేరియంలో ఒక్క ఆడ గప్పీ ఉన్నా చాలు, మగచేప లేకపోయినా ఓ ఉదయం చిట్టి పిల్లలు కనిపించవచ్చు. మగచేప బీజాన్ని తల్లి కొన్ని నెలలు తనలో దాచుకోగలదు. పుట్టిన పిల్లల్ని పెద్ద చేపలు, ఒక్కోసారి కన్నతల్లి కూడా, మింగేస్తాయి. దట్టంగా నాచు వేస్తే అందులో దాగి కొన్నైనా బ్రతుకుతాయి. మేత మెత్తగా పొడిచేసి, రోజుకు 3, 4 సార్లు కొద్దికొద్దిగా వేయాలి. పెద్దవాటి నోట పట్టనంత ఎదిగేవరకే ఆ చాటు అవసరం.

అనుకోకుండా కడుపున పడిన బిడ్డను "ఇప్పుడెందుకు?" అనే ఇంటివారి మాటలే ముందు మింగుతాయి. హేరోదు కత్తికి చిక్కకుండా బాలయేసును పునీత జోజప్పగారు ఐగుప్తులో దాచారు. మీ విచారణలో అలాంటి తల్లి ఉంటే ఉపదేశం తర్వాత. ముందు ఇంత వండి పెట్టండి, ఆమె పెద్దపిల్లల్ని ఓ పూట చూసుకోండి. ఆ బిడ్డకు చాటు మనమే.