స్వామ్యము – సేవ

తనది కాని నేలకు మానవుడు సేవ చేయవచ్చునా? యజమాని చెత్తకుప్పగా విడిచిన స్థలమును ఇరుగుపొరుగువారు తోటగా మార్చినచో, ఆ తోట ఎవరిది? ఇది న్యాయస్థానములు తేల్చవలసిన తగవు మాత్రమే కాదు, ధర్మజిజ్ఞాస కూడ.

అమెరికాలోని న్యూయార్కు నగరమున ఈ ప్రశ్న ప్రత్యక్షముగా ఉదయించినది. 1970వ దశకమున ఆ నగరము ఆర్థికముగా చితికిపోయెను. యజమానులు విడిచిపోయిన ఇండ్లు కూలి, ఎన్నో స్థలములు ఇటుకముక్కలతోను చెత్తతోను నిండెను. 1973లో లిజ్ క్రిస్టీ అను చిత్రకారిణి కొందరిని కూడగట్టుకొని, బవరీ, హౌస్టన్ వీధులు కలియు మూలనున్న అట్టి స్థలమును శుభ్రపరచి తోట వేసెను. మరుసటి యేట నగరపాలకులు నెలకు 1 డాలరు అద్దెకు దానిని వారికి అప్పగించిరి. ఇది చూచి ఇతర వీధులవారును తోటలు వేసిరి. కాని నేల వారిది కాలేదు.

కాలక్రమమున నేల ధర పెరిగినది. 1999లో నగర ప్రభుత్వము 100కు పైగా తోటలను వేలము వేయ నిశ్చయించెను. ప్రజలు ఎదురు నిలిచిరి. తుదకు రెండు సేవాసంస్థలు ఆ తోటలను కొని కాపాడినవి. అయినను అన్నియు దక్కలేదు. 2000లో ఎస్పరాంజా అను తోటను యంత్రములతో నేలమట్టము చేసిరి. స్పానిషు భాషలో ఆ పేరునకు 'ఆశ' యని అర్థము.

మరి అందు శ్రమించినవారి సేవ వ్యర్థమైనదా? కాదు. తోట ఉన్నంత కాలము అది ఇచ్చిన నీడయు, ఆరోగ్యమును అనుభవించినవారికి చేరియే యున్నవి. ఫిలడెల్ఫియా నగరమున 541 పాడుస్థలములపై జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. పచ్చిక పరచి, చెట్లు నాటిన స్థలముల చెంత నివసించువారిలో, దిగులుగా నున్నదని చెప్పుట, ఏ మార్పును చేయని చోట్లతో పోల్చగా, 41.5 శాతము తగ్గినది. చెత్త మాత్రమే తీసిన చోట్ల చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. మనస్సునకు కలిగిన ఈ స్వస్థతను ఎవరును వేలము వేయజాలరు.

అయితే, ఫలము చేరినది కదా యని తోటను దాని కర్మమునకు విడుచుట వైరాగ్యము కాదు. మన ఆలయ సంప్రదాయమున 'ధర్మకర్త' యను చక్కని మాట యున్నది. ధర్మకర్త దేవుని సొత్తునకు యజమాని కాడు. దానిని అమ్ముకొనలేడు, అన్యాక్రాంతము కానీయరాదు. తిరుమలలో భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి పూదోట పెంచిన అనంతాళ్వారుల కైంకర్యమున ఉన్నదియు ఈ భావమే. హక్కు లేదు, బాధ్యత యున్నది.

ఇందు ఒక హెచ్చరిక గూడ గలదు. నాలుగు మొక్కలు నాటి, పిదప ప్రహరీ కట్టి, ఊరి స్థలమును స్వంతము చేసికొనువారు లేకపోలేదు. అది సేవావేషము ధరించిన లోభము. రెంటికిని భేదము తెలిసికొనుట సులభము: అందరికొరకు పెంచిన తోటకు తలుపు తెరచియుండును, పొరుగు బిడ్డ లోనికి వచ్చినప్పుడు కాపరి సంతోషించును.

కావున మన వీధిలోని పాడుస్థలమును చూచి "అది మనది కాదు" అని ముఖము త్రిప్పుకొనరాదు. అనుమతి గైకొని, పదిమందిని కలుపుకొని, నేలను బాగుచేయుదము. స్వామ్యము మనది కానక్కరలేదు. సేవ మనదైన చాలును.