అడక్కుండా చేసిన మేలు

సంక్రాంతి వెళ్లాక పది రోజులపాటు మా అత్తగారు టీవీ జోలికి పోలేదు. దీపం పెట్టాక వీధి అరుగుమీద ఊరికే కూచునేవారు. అడిగితే, "ఏటోనమ్మా, చూడబుద్ధి కావటం లేదు" అనేవారు.

ఆవిడకి వినికిడి తక్కువ. అందుకే నిరుడు మా అబ్బాయి హైదరాబాదునుంచి టీవీ కింద పెట్టుకునే సౌండ్‌బార్ పంపాడు. వాయిద్యాల హోరు తగ్గించి గొంతుని పైకి తేల్చే ఏర్పాటు ఒకటి అందులో ఉంది. సుశీలగారి పాట వస్తే అక్షరం అక్షరం ఆవిడకి అందేది. సుశీలగారు మా విజయనగరం ఆడపడుచు, ఇక్కడి సంగీత కళాశాలలోనే చదువుకున్నారు. ఆ పాట వింటున్నప్పుడు అత్తగారి మొహం చూడాలి!

పండక్కి వచ్చిన అబ్బాయి ఫోన్ నొక్కుతూ, "అమ్మా, దీని ఫర్మ్‌వేర్ పాతబడింది, కొత్తది వేస్తున్నా, స్విచ్ ఆర్పకు" అన్నాడు. పెట్టె ఎలా పలకాలో దానికి చెప్పే ప్రోగ్రాం అన్నమాట. కంపెనీవాళ్లు దాన్ని దిద్ది ఇంటర్నెట్లో పెడతారు, పెట్టె తెచ్చుకుని పాతదాని మీద రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే రెంటికీ చెడిన రేవడే! దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కాసేపట్లో అయిపోయింది. అయితే ఆ గొంతు తేల్చే ఏర్పాటు కాస్తా చెరిగిపోయిందని మాకెవరికీ తెలీలేదు. మా చెవులకి తేడా ఏముంది గనక?

అత్తగారు తన చెవుల్నే అనుమానించుకున్నారు. ఉన్న కాస్తా పోయిందనీ, చెబితే డాక్టర్లూ ఖర్చూ అనీ, గుట్టుగా దిగమింగుకున్నారు. పదోనాడు రాత్రి ఆ మాట ఆవిడ నోటివెంట వచ్చినప్పుడు నాకు ముద్ద దిగలేదు.

అబ్బాయిది తప్పా? అనలేను. లోపాలు సరిచెయ్యడానికే ఇవి వస్తాయి. ఒక్కోసారి మందే వికటిస్తుంది. 2025 మార్చిలో కొత్త ప్రోగ్రాం ఎక్కించుకున్న శాంసంగ్ సౌండ్‌బార్లు కొన్ని మూగబోతే, కంపెనీ ఉచితంగా బాగుచేయిస్తానంది. డబ్బిచ్చి కొన్నది మనం, పెట్టె ఉన్నది మన ఇంట్లో, దాని బుద్ధి మాత్రం ఎక్కడో ఉన్నవాళ్ల చేతిలో!

1919లో పెట్టిన మా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పేవారు. వయొలిన్ శ్రుతి కూడా మాటిమాటికీ సవరించాల్సిందే. కాని బిరడా తిప్పేది వాయించేవారే, చాలునని చెప్పేది వారి చెవే.

ఇంతా చెబుతున్నాను, నేను మాత్రం తక్కువా? కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఊరెళ్లినప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ కొత్తగా సర్దేశాను. ఆవిడ మంచికే! తిరిగొచ్చి నెల్లాళ్లు పసుపు కోసం వెతుక్కున్నారు. "నాకు మతిమరుపొచ్చింది" అని నవ్వేవారు. నేనూ నవ్వాను కూడా.

మొన్న ఆదివారం అబ్బాయి ఫోన్ చేశాడు, మళ్లీ ఇంకో కొత్తది వచ్చిందట. ఫోన్ తీసుకెళ్లి అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ అంతా విని, "అది ఏస్తే మరి సుశీల వినబడతాదేటి, బాబూ?" అన్నారు.

అటునుంచి వాడు కాసేపు మాట్లాడలేదు. "చదివి చెప్తాను, నానమ్మా" అన్నాడు.