ఒళ్లు తగ్గించుకోవడం ఎవరి కోసం?

ఆగమన కాలం వచ్చిందంటే మన విచారణల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. గుడిలో బలిపీఠానికి ఊదారంగు వస్త్రం కప్పుతారు. ఇళ్లల్లో మూకుడు పొయ్యి మీదికెక్కుతుంది. మొదటిది మెలకువగా ఉండమంటుంది. రెండవది కజ్జికాయలనూ గులాబీ పువ్వులనూ అరిసెలనూ డబ్బాలకెత్తుతుంది. వీటికి తోడు చలి. ఆదిలాబాదు వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. కోస్తాలో అంత చలి లేకపోయినా ముసుగు తన్ని పడుకోవడానికి మనకు ఆ మాత్రం చాలు. దసరా నాటికి రోజూ నడుస్తున్నవారు కూడా నవంబరు చివరికి చెప్పులు మూల పెట్టి, సంక్రాంతి పోయాక చూద్దాంలే అంటారు. సంక్రాంతి నాటికి పాత చొక్కాకు గుండీ పట్టదు.

ఇది వైద్యులు వ్రాయవలసిన విషయం కదా, ఈ శీర్షికలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. బరువు సంగతి వైద్యులకే వదిలేద్దాం. కాని విచారణ కుటుంబాల్లో వినబడే ప్రశ్న వేరే ఉంది. ఒళ్లు తగ్గించుకోవాలని ఆరాటపడడం మంచిదేనా, లేక అది శరీరం మీద వ్యామోహమా? గంటసేపు నడిచే బదులు ఆ గంట గుడిలో కూర్చోకూడదా అని అడిగే అమ్మమ్మలున్నారు. దేవుడిచ్చిన దేహాన్ని చెడగొట్టుకోవడం పాపం కాదా అని ఎదురడిగే మనవలూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1992లో వెలువడింది. అందులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రాణమూ ఆరోగ్యమూ దేవుడు మనకు అప్పగించిన విలువైన వరాలనీ, ఇతరుల అవసరాన్ని కూడా గుర్తుంచుకుని వాటిని తగినంతగా కాపాడుకోవాలనీ 2288వ పేరా బోధిస్తుంది. ఆ మరుసటి పేరాలోనే దేహాన్ని ఆరాధించే ధోరణిని, అందానికీ క్రీడలో గెలుపుకూ అన్నింటినీ బలిపెట్టే ధోరణిని శ్రీసభ తిరస్కరిస్తుంది. పునీత పౌలు గారు కొరింతు సంఘానికి వ్రాసిన మొదటి లేఖలో ఈ రెండింటికీ మూలం దొరుకుతుంది. దేహం పవిత్రాత్మకు ఆలయమని అక్కడ చెప్పారు. మనం సాధారణంగా ఆ ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటాం. దాని వెంటనే ఆయన చెప్పినది, మనం మన సొత్తు కాదని. సొత్తు కాని దాన్ని పాడుపెట్టే హక్కు లేదు, దాన్ని అద్దం ముందు నిలబెట్టి మురిసిపోయే హక్కూ లేదు. అప్పగించినవాడు ఏ పనికి అప్పగించాడో ఆ పనికి సిద్ధంగా ఉంచాలి.

కాబట్టి బరువు తగ్గాలనుకునేవారు వేసుకోవలసిన ప్రశ్న ఎన్ని కిలోలు అని కాదు, ఎవరి కోసం అని. ఈ ప్రశ్న వేసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. కొన్ని కొత్త చిక్కులు కూడా వస్తాయి.

ముందుగా ఒక అపోహ పోవాలి. లావుగా ఉన్న మనిషిని చూడగానే తిండిపోతు అని తీర్పు చెప్పేస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది. అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో, రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఈ రెండు లెక్కలనూ కలిపి చదవండి. ఒంటి మీద కొవ్వు, ఒంట్లో రక్తం లేదు! ఇది విందులు మరిగినవారి జబ్బు కాదు. అందరికీ వడ్డించి, గుడ్డూ కూరా అయిపోయాక, మిగిలిన అన్నంలో పచ్చడో చారో కలుపుకుని, పారేయడం ఇష్టం లేక పిల్లల కంచంలో మిగిలినది కూడా తినే తల్లి జబ్బు. ఆమెకు తిండిపోతుతనం గురించి ప్రసంగం చెయ్యడం అన్యాయం. ఆమెకు కావలసింది కంచంలో పప్పూ ఆకుకూరా గుడ్డూ, దినంలో ఒక అరగంట.

మరి తిండిపోతుతనం అనే మూలపాపం ఎక్కడుంది? ఆరవ శతాబ్దపు చివరలో జగద్గురువుగా ఉన్న పునీత మహా గ్రెగోరి గారు అది అయిదు దారుల్లో మనిషిని పట్టుకుంటుందన్నారు. వేళ కాకముందే తినడం, ఖరీదైనదే కావాలనడం, వండే తీరులో మరీ నాజూకు కోరడం, అతిగా తినడం, ఆబగా తినడం. వీటిలో పరిమాణానికి సంబంధించినది ఒక్కటే. మూడవదాన్ని కాస్త ఆగి చూడండి. ఒళ్లు తగ్గాలని నిర్ణయించుకున్న గృహస్థు ఒకాయన ఉన్నాడనుకుందాం. పొద్దున ఓట్లు, పదకొండింటికి నానబెట్టిన బాదం, మధ్యాహ్నం జొన్నరొట్టె వేడిగా, రాత్రి ఏడున్నరకల్లా ఉప్పు తగ్గించిన కూర వేరుగా. అవి అందరికీ చేసిన వంట కాకుండా విడిగా చెయ్యాలి. ఆయన తినేది తక్కువే. కాని ఇంటిల్లిపాదీ ఆయన కడుపు చుట్టూ తిరుగుతున్నారు. గ్రెగోరి గారి లెక్కలో ఈయన తిండిపోతుల జాబితాలోనే ఉంటాడు, చిక్కిపోయిన తర్వాత కూడా.

పునీత తోమాస్ అక్వినాస్ గారు ఇదే సంగతిని మరోవైపునుంచి చెప్పారు. ఆహారంలో మితం అంటే ఇంత తూకమని కాదు, మనం ఎవరితో కలిసి బతుకుతున్నామో వారినీ మన ఆరోగ్యం కోరేదాన్నీ చూసుకుని తినడం అని ఆయన బోధ. ఆ మహాపండితుడు భారీ మనిషని సంప్రదాయం చెబుతుంది. అందువల్ల ఆయన మాట విలువ తగ్గలేదు.

ఇక ఒక్కపొద్దుల సంగతి. శుక్రవారం ఒక్కపొద్దు ఉంటే పుణ్యమూ వస్తుంది, ఒళ్లూ తగ్గుతుందని లెక్క వేసుకునేవారున్నారు. ఇందులో తప్పేమీ లేదని కొందరు, దేవునితో బేరమని కొందరు అంటారు. ఒకే పనికి రెండు ఫలితాలు ఉండటం తప్పు కాదు. ఉపవాసం వల్ల ఒంటికి మేలు జరిగితే ప్రభువుకేమీ కష్టం లేదు. అయితే ఉపవాసంలో ఒక భాగం మిగిలినదాన్ని లేనివాడికి ఇవ్వడం. ఆ భాగం తీసేస్తే మిగిలేది పథ్యం. పథ్యం మంచిదే, దానికి ఆ పేరే పెట్టుకుందాం. ఇక్కడే ఇంకొక మాట. శ్రీసభ చట్టం ఒక్కపొద్దు నియమాన్ని 18 ఏళ్లు నిండినవారికి పెట్టి, 60వ ఏట అడుగుపెట్టగానే సడలిస్తుంది. జబ్బుతో ఉన్నవారిని బలవంతపెట్టదు. చక్కెర వ్యాధికి మందులు వాడుతూ కడుపు మాడ్చుకునే పెద్దవాళ్లు ముందు వైద్యుణ్ణి అడగాలి. పదహారేళ్ల పిల్ల రోజుల తరబడి భక్తి పేరున కంచం తోసేస్తుంటే ఇంట్లోవాళ్లు మెచ్చుకోకూడదు, పక్కన కూర్చుని ఏమైందని అడగాలి. చాలాసార్లు దాని వెనుక ఉండేది భక్తి కాదు, పెళ్లిలోనో తరగతిలోనో ఎవరో అన్న మాట. "పిల్ల బొద్దుగా ఉందే, సంబంధాలు కష్టమే" అని నవ్వుతూ అనేసి పోయిన పెద్దమ్మ ఆ మాట మరిచిపోతుంది. పిల్ల మరిచిపోదు. ఒంటిని బట్టి మనిషిని హేళన చెయ్యడం అయిదవ ఆజ్ఞ కిందికే వస్తుందని నా అభిప్రాయం.

పండుగనాడు తినకూడదని దీని అర్థం కాదు. పునీత అస్సీసి ఫ్రాన్సిస్ గారి జీవితంలో ఒక ముచ్చట ఉంది. క్రీస్తు జయంతి శుక్రవారం వచ్చిందని, మాంసం తినకూడదు కదా అని ఒక సహోదరుడు సందేహపడితే, ఆ రోజు గోడలు కూడా మాంసం తినాలని తాను కోరుకుంటున్నానని, తినలేకపోతే కనీసం వాటికి పైపైన పూయాలని ఆయన అన్నారట! జీవితమంతా కఠోర ఉపవాసాలతో ఒంటిని నలిపిన మనిషి. ఆ ఒంటిని గాడిద అని పిలిచి, చివరి రోజుల్లో దానితో కఠినంగా ప్రవర్తించానని బాధపడ్డారని చెబుతారు. పండుగ ఒక్క రోజు. మన చిక్కు పండుగతో కాదు, డిసెంబరు మొదటి వారంలో తెరిచి జనవరి చివరికి గాని మూత పెట్టని డబ్బాతో.

ఇప్పుడు చలి దగ్గరికి వద్దాం. మనిషికి రాయితీలు వెతుక్కునే బుద్ధి ఉంది, చలి అందుకు మంచి సాకు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయని అంచనా. మామూలు మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది నూట ఇరవై, నూట యాభై. ఒక పెద్ద అరిసెతో ఆ లెక్క సరి. అందుచేత నడిస్తే చాలు, ఎంత తిన్నా ఫరవాలేదనుకోవడం భ్రమ. బరువు తగ్గేది ముఖ్యంగా కంచం దగ్గర. నడక చేసేది వేరే మేలు. చక్కెరనూ రక్తపోటునూ అదుపులో పెడుతుంది, కండ కరిగిపోకుండా చూస్తుంది, తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాస్తుంది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. వారానికి 150 నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశస్థులకు తక్కువ బరువులోనే చక్కెర వ్యాధి వస్తుంది కాబట్టి తూకం కంటే నడుము చుట్టుకొలత చూసుకోవడం మేలు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి.

ఉత్సాహం కొద్దీ చీకటితోనే బయలుదేరే పెద్దలకు ఒక హెచ్చరిక. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు ఎండ పడ్డాక, చెవులూ ఛాతీ కప్పుకుని నడవాలి. చలికాలంలో దాహం తెలియదు గాని నీళ్లు తాగాలి. బయటికి వెళ్లలేనివారు డాబా మీదో వరండాలోనో జపమాల పట్టుకుని తిరగవచ్చు. అయిదు పదులు పూర్తయ్యేసరికి ఇరవై నిమిషాలు గడుస్తాయి. నడుస్తూ జపిస్తే భక్తి తగ్గుతుందని ఎవరైనా అంటే, గుణదల కొండ మీది సిలువ దాకా ఎక్కే యాత్రికులను చూపించండి. 1924లో మరియమాత స్వరూపం అక్కడ నెలకొన్ననాటినుంచి ఎంతమంది కాళ్లతో ప్రార్థించారో! ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవానికి ఆగమన కాలం నుంచి పది వారాలు ఉంటుంది. ఆ మెట్లు ఆగకుండా ఎక్కాలని ఇప్పటినుంచి నడక మొదలుపెట్టేవారికి, నాకు తెలిసినంతలో, మంచి కారణమే ఉంది.

నడకకు దారి ఉంది, తీరిక ఎవరికుంది? ఇదే అసలైన నైతిక ప్రశ్న అనుకుంటాను. చాలా ఇళ్లల్లో నాన్నగారు స్వెటరు వేసుకుని నడకకు వెళతారు. ఆయన తిరిగి వచ్చేసరికి అమ్మ టీ, టిఫిను, పిల్లల క్యారేజీలు సిద్ధం చేసి ఉంటుంది. ఆమె కాలు నిలవదు నిజమే, అయితే వంటింటి నాలుగడుగుల్లో నిలబడి చేసే చాకిరి మోకాళ్లను అరగదీస్తుంది గాని గుండెకు నడకంత మేలు చెయ్యదు. పైగా పండుగ పిండివంటలన్నీ ఆమె మీదే. భర్త ఆరోగ్యం భార్య నిద్రలోంచి తీసుకున్నదైతే అది మిత జీవనం ఎలా అవుతుంది? వారానికి మూడు పూటలు మగవాళ్లు పొయ్యి దగ్గర నిలబడి, ఆడవాళ్లను బయటికి పంపితే ఆ ఇంట్లో ఇద్దరి బరువూ తగ్గుతుంది.

2025 సెప్టెంబరు 7న జగద్గురువులు 14వ లియో గారు పునీతునిగా ప్రకటించిన పియెర్ జోర్జియో ఫ్రస్సాతి ఈ సందర్భంలో గుర్తుకొస్తాడు. ఇటలీలోని తూరిన్ నగరంలో 1901లో ధనవంతుల ఇంట పుట్టాడు. తండ్రి పెద్ద దినపత్రిక అధిపతి. కుర్రవాడికి కొండలెక్కడం పిచ్చి. ఆల్ప్స్ పర్వతాల్లో గడ్డకట్టే చలిలో మంచు మీద జారుతూ, స్నేహితులను వెంటేసుకుని తిరిగేవాడు. అలాంటి బలమైన ఒళ్లు ఎందుకు వాడాడో చూడండి. పునీత విన్సెంట్ డి పాల్ సభలో చేరి, పేదల ఇళ్లకు మందులూ తిండీ మోసేవాడు. ట్రాము డబ్బులు ఎవరికో ఇచ్చేసి, భోజనం వేళకు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. రోగుల మధ్య తిరిగినప్పుడే సోకిందని భావించే పోలియోతో 1925 జూలై 4న, 24 ఏళ్ల వయసులో చనిపోయాడు. చనిపోయే ముందురోజు, సగం చచ్చుబడిన చేత్తో, ఒక పేద రోగికి అందవలసిన మందు గురించి చీటీ వ్రాశాడు. వ్యాయామం అతని ఆయుష్షు పెంచలేదు.

మన ఊళ్లలో క్రీస్తు జయంతికి ముందు యువతీ యువకులు రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి పాటలు పాడతారు. ఒకప్పుడు అందరూ నడిచే వెళ్లేవారు, పక్క పల్లెకు కూడా. ఇప్పుడు చాలాచోట్ల ట్రాలీ ఆటోలో స్పీకరు కట్టి, ప్రతి ఇంటి ముందు దిగి, కేకు తిని, మళ్లీ ఎక్కుతున్నారు. ఈసారి దూరపు పల్లెలకే బండి కట్టి, ఊళ్లో ఇళ్లకు నడిచి వెళితే బాగుంటుంది. నెమ్మదిగా నడిస్తే మోకాళ్లు నొప్పులన్న అత్తయ్యలు కూడా నాలుగు వీధులు కలిసి రాగలరు. ఆటో ఆగని సందులో, మంచం దిగలేని ఒక ముసలాయన ఇల్లు కూడా ఉంటుంది.